మామతో మిల్లు దాకా

మొదటి రోజు: కర్నూలు

హైదరాబాద్ బస్సు కర్నూలులో దించేసరికి తెల్లవారుజాము నాలుగున్నర. డిసెంబరు చలి. మామ అప్పటికే మంకీ క్యాపు పెట్టుకుని, చేతిలో టార్చితో బస్టాండులో నిలబడి ఉన్నాడు.

“ఎందుకు మామా ఇంత పొద్దున్నే? ఆటోలో వచ్చేవాణ్ణి కదా.”

“నాలుక్కే లేస్తా లే అల్లుడా. పొద్దున పూట ‘ఏ’ షిఫ్టు చేసిన ఒళ్ళు ఇది.”

ఆయన పనిచేసిన మిల్లు మూతపడి పాతికేళ్ళయింది. షిఫ్టు మాత్రం ఒంట్లోంచి పోలేదు. ఆ స్థలంలో ప్లాట్లు వేస్తున్నారని ఎవరో చెప్పారట. కూల్చేలోపు ఒక్కసారి చూసొద్దాం రమ్మని నెల రోజులుగా ఫోన్లు చేస్తున్నాడు. మిల్లు అనంతపురం జిల్లాలో ఉంది. దాని పేరు, ఊరి పేరు రాయొద్దన్నాడు. “పోయినదాని మీద చాడీలెందుకు” అన్నాడు. సర్కారు పెత్తనంలో నడిచిన నూలు మిల్లు అనుకోండి, చాలు.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాక అత్త అటక మీద నుంచి ఒక ట్రంకుపెట్టె దింపించింది. అందులో నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ, యూనియన్ చందా రసీదులు, వాటి కింద సోవియట్ వాళ్ళు తెలుగులో వేసిన ‘సోవియట్ భూమి’ సంచికలు ఒక కట్ట. మా తరంలో చాలామందికి ఈ పత్రికను చదివిన గుర్తుండదు, నోటుపుస్తకాలకు అట్టలు వేసుకున్న గుర్తే ఉంటుంది. అంత నున్నటి కాగితం ఇంకెక్కడా దొరికేది కాదు. కొలిమి ముందు నిలబడ్డ కార్మికుడు, ట్రాక్టరు మీద అమ్మాయి, మగ్గాల మధ్య ఇంకో అమ్మాయి. అందరూ నవ్వుతూనే ఉంటారు.

“అప్పుడే అనుకుంటి,” అన్నాడు మామ, ఆ మగ్గాల అమ్మాయి బొమ్మ మీద వేలు పెట్టి. “షెడ్డులో ఇంత నవ్వుతా ఎవురన్నా పని చేస్తారా?”

సోవియట్ గని కార్మికుడు స్తఖానోవ్ కథ ఆయనకు తెలుసు. మీటింగుల్లో చెప్పేవారట. 1935 ఆగస్టు ఆఖరున ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్విన వీరుడు. మామూలు లెక్క, అంటే నార్మ్, 7 టన్నులు. మీటింగుల్లో చెప్పని సగం నేను చెప్పాను. ఆ రాత్రి అతను తవ్వుతూ పోతుంటే వెనక కలప ఆనుళ్ళు నిలబెట్టడానికి వేరే మనుషులు ఉన్నారు, వాళ్ళ పేర్లు ఎవరికీ అంతగా గుర్తులేవు. మామ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

“అది సరే. తర్వాత అందరికీ నార్మ్ పెంచినారా లేదా, అది చెప్పు.”

పెంచారు. మరుసటి ఏడాదే చాలా పరిశ్రమల్లో పెంచారు.

“చూస్తివా. ఎవడో ఒకడు ఎచ్చులకు పోతే రేపు అందరి నెత్తినా పడ్తాది. మా మిల్లులో కొత్తగా చేరినోనికి మొదట నేర్పే పాఠం ఇదే. చేతనయినంతా చూపించొద్దు అని.”

ఆయన దీన్ని తప్పు ఒప్పుకున్నట్టు చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. ఎండాకాలం బయటికి వెళ్తే గొడుగు తీసుకుపోవాలి అన్నట్టు చెప్పాడు.

సాయంత్రం కొండారెడ్డి బురుజు వైపు నడిచాం. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు, మూడేళ్ళలో ఆ హోదా హైదరాబాద్‌కు పోయింది. కర్నూలువాళ్ళు ఆ మాట ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెప్తారు. చెప్పనీయండి.

రెండో రోజు: ఎమ్మిగనూరు, ఆదోని

కోడుమూరు దాటాక నల్లరేగడి మొదలయింది. పత్తి పగిలి పొలాలు తెల్లగా ఉన్నాయి. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు పారే ఊళ్ళు ఈ వైపు ఉన్నాయి. ఆ డ్యామ్ 1953లో పూర్తయింది. ప్రణాళికలంటేనే దండగ అనేవాళ్ళను ఒకసారి ఈ కాలువ లేని ఊరికి, ఉన్న ఊరికి తీసుకెళ్ళాలి. డ్యామ్ కట్టడం వేరు, ఎవరికి ఏ నూలు ఎంత కావాలో ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో కూర్చుని చెప్పడం వేరు. రెండూ ‘ప్లాను’ అనే ఒకే మాట కింద పడిపోయాయి, అదే చిక్కు.

ఎమ్మిగనూరులో దిగింది మామ పట్టుదల వల్లే. మిల్లు చూడ్డానికి వెళ్తూ మధ్యలో ఇక్కడెందుకని అడిగితే, “మా నూలు ఈడికే వచ్చాండె” అన్నాడు. మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఈ ఊరిదే. దుప్పట్లు, తువ్వాళ్ళు, చీరలతో ఊరికి పేరు తెచ్చిన సంఘం. అప్పట్లో మగ్గం చప్పుడు లేని వీధి ఉండేది కాదంటారు. ఇప్పుడు మేం మగ్గం ఉన్న ఇల్లు కోసం మూడు సందులు తిరిగాం.

దొరికిన ఇంట్లో పెద్దాయనకు డెబ్భై దగ్గర ఉంటాయి. గుంట మగ్గం, కాళ్ళు గుంటలో, తువ్వాలు సగం నేసి ఉంది. నూలు మీద మాట రాగానే మగ్గం ఆపేశాడు. నాకు తెలియదని గ్రహించి మొదటి నుంచి చెప్పాడు. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అదే ఆ నూలు నంబరు. ఇరవై తూగితే 20వ నంబరు, నలభై తూగితే 40వ నంబరు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం.

“మాకు కావాల్సింది నలభై, అరవై. వచ్చేది ఇరవై. ఇరవైతో చీర నేస్తే అది చీరనా? గోనె పట్టా. సంఘం నుంచి ఉత్తరాలు రాసి రాసి, నలభై రావాలంటే రెండు నెలలు. అది కూడా ఎట్లుండేది? చిలప రాట్నానికి ఎక్కిస్తే పది చుట్లకు ఒక తెగుడు. మా ఆడోళ్ళు దారాలు అతుకుతానే ముసలోళ్ళయినారు.”

మిల్లులు దేశంలో అమ్మకానికి కట్టే నూలులో సగం చేనేత కోసం చిలపలుగానే కట్టాలని కేంద్రం రూలు ఉండేది. 2003లో దాన్ని 40 శాతానికి తగ్గించారు. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కాని ఆ రూలు చిలపలను లెక్కపెట్టగలదు, చిలపలో ఉన్న తెగుళ్ళను లెక్కపెట్టలేదు.

“ఇంకోటి చెప్తా,” అన్నాడు పెద్దాయన. “నెల మొదట్లో వచ్చే బేళ్ళు ఒక రకం, నెల తిరిగినాక వచ్చేవి ఇంకో రకం. విప్పితే చెమ్మ వాసన. నడిమధ్యన బూజు. ఎండబెట్టి తూకం వేస్తే కట్టకు ఇంత తక్కువొచ్చాండె. వానలో తడిసిందేమో అనుకుంటిమి. వాన యాడిది? మే నెలలో కూడా అంతే.”

నేను మామ వైపు చూశాను. ఆయన గోడకు తగిలించిన పడుగు వైపు చూస్తున్నాడు. తాను ఏ మిల్లులో పనిచేశాడో పెద్దాయనకు చెప్పలేదు. లేచేటప్పుడు రెండు తువ్వాళ్ళు కొన్నాడు, అడిగినదానికి ఇంకో యాభై కలిపి ఇచ్చాడు. పెద్దాయన వద్దన్నా వినలేదు.

రాత్రి ఆదోనిలో లాడ్జి. మామ ఏమీ మాట్లాడకుండా పడుకున్నాడు. దోమలు మాత్రం టార్గెట్ దాటి పనిచేశాయి.

మూడో రోజు: ఆదోని నుంచి మిల్లుకు

పొద్దున పత్తి మార్కెట్టు యార్డు చూశాం. ఆదోనిని ఒకప్పుడు రెండో బొంబాయి అనేవారు. యార్డులో పత్తి రాశుల మధ్య నడుస్తూ మామ ప్రతి రాశి నుంచి ఒక చిటికెడు తీసి, రెండు చేతుల బొటనవేళ్ళతో లాగి, పింజ పొడవు చూసి, వదిలేస్తూ వచ్చాడు. ఒక రైతు “కొంటావా అన్నా?” అని అడిగితే సిగ్గుపడ్డాడు.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. మామ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ ఉన్నాయి, ఎవరో కీ ఇచ్చినట్టు. తెగిన దారాన్ని అతికే కదలిక అది. ఆయనకు తెలియకుండానే జరుగుతోంది. పాతికేళ్ళు నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర, తెగిన దారాలు అతికే సైడరుగా పనిచేసిన చెయ్యి.

ఊరుకోలేక నేనే రష్యా కథ ఎత్తాను. అక్కడి ఫ్యాక్టరీల్లో నెలను మూడు పదులుగా లెక్కేసేవాళ్ళు మామా. మొదటి పది రోజులు నిద్ర, రెండో పది వేడి, మూడో పది జ్వరం. ఆఖరి పది రోజుల్లో పడే ఆ పరుగుకు వాళ్ళ భాషలో ‘ముట్టడి’ అనే అర్థం వచ్చే పేరుంది. ముడిసరుకు టైముకు రాదు, వచ్చాక టార్గెట్ ఒక్కటే గుర్తుంటుంది. నెలాఖరులో తయారైన వస్తువు కొనొద్దని జనం తేదీ చూసుకునేవాళ్ళు.

మామ నవ్వాడు. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు. “మా మిల్లు సంగతి ఆ రష్యావోళ్ళకు ఎవురు చెప్పినారబ్బా?”

బరువు సంగతి కూడా చెప్పాను. వస్తువును టన్నుల్లో లెక్కపెడితే వస్తువు బరువెక్కుతుంది. కప్పుకు వేలాడే షాండ్లియర్ దీపాలు ఎంత బరువుగా చేస్తే ప్లాను అంత తేలిగ్గా నెరవేరుతుందని, అందుకే అందమైనవి కాక వీలైనంత బరువైనవి తయారవుతున్నాయని స్వయంగా అప్పటి సోవియట్ నేత క్రుశ్చేవే ఎత్తిపొడిచాడు. దేశాన్ని ఏలేవాడికి తెలుసు, ఫ్యాక్టరీవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు. అయినా తరువాత ముప్పై ఏళ్ళు దాదాపు అట్లాగే నడిచింది.

“మాది కూడా కిలోలే,” అన్నాడు మామ. ఇంక రైలు దిగేదాకా ఆయనే మాట్లాడాడు.

నెలనెలా హెడ్డాఫీసుకు పోయే కాగితంలో ఉత్పత్తి ఎన్ని కిలోలు అన్నది మొదటి గడి. ఏ నంబరు నూలు అన్నది ఎక్కడో కింద. అవే కదుళ్ళ మీద, అదే కరెంటుతో, 20వ నంబరు తీస్తే 40కి రెట్టింపు పైనే బరువొస్తుంది. ఇక 40 ఎవరు తీస్తారు? మేనేజరును తిట్టి లాభం లేదంటాడు మామ. ఆ గడి నిండకపోతే ఆయనకు బదిలీ. నిండినా బదిలీయే, కాకపోతే మంచి చోటికి. పెద్ద కుర్చీలోకి వచ్చినవాడికి పత్తి ఏకే కార్డింగుకూ నూలు చుట్టే కోన్ వైండింగుకూ తేడా తెలిసేలోపు ఆర్డరు వచ్చేది.

రైలు దిగి ఆటోలో అరగంట. మిల్లు గేటుకు తాళం లేదు. గేటే లేదు, స్తంభాలున్నాయి. కాపలా కుర్రాడు ఫోన్లో రీల్స్ చూసుకుంటూ పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. మిషన్లు ఎప్పుడో వేలంలో పోయాయి. రింగ్ ఫ్రేముల షెడ్డులో నేల మీద బోల్టుల గుర్తులు వరసగా ఉన్నాయి. మామ ఆ గుర్తుల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, ఒకచోట ఆగి, “ఇది నాది” అన్నాడు. తొమ్మిది, పది నంబరు ఫ్రేములు. ఒక్కోదానికి నాలుగు వందల పైచిలుకు కదుళ్ళు.

కూర్చుని నేలమీద దుమ్ములో వేళ్ళతో వెతకడం మొదలుపెట్టాడు. గోడ వారన పగుల్లోంచి ఒకటి దొరికింది. నా అరచేతిలో పెట్టాడు. గోరులో సగం కూడా లేదు, తుప్పు పట్టిన సన్నటి ఉక్కు కొక్కెం, ఇంగ్లీషు ‘సి’ అక్షరంలా వంగి ఉంది.

“దీన్ని ఏమంటారో తెలుసునా? ట్రావెలర్.”

యాత్ర రాయడానికి వచ్చినవాడికి దొరికిన అసలు యాత్రికుడు ఇది. కదురు చుట్టూ ఉండే ఉక్కు రింగు మీద నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. దారం దీని సందులోంచే పోయి పురి తిరిగి బాబిన్ మీద చుట్టుకుంటుంది. అంత వేగానికి ఇది అరిగిపోతుంది, ఒక వైపు పదునెక్కుతుంది. అప్పుడు మార్చాలి. మార్చకపోతే అదే కత్తి అయి దారాన్ని కోస్తుంది. దీని ఖరీదు పైసల్లో.

“ఇవి అయిపోతే ఇండెంటు రాయల్ల. స్టోర్సు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి హైదరాబాదుకు. మూడు కొటేషన్లు. ఒకసారి అన్నింటికన్నా తక్కువ రేటోనికి ఆర్డరిచ్చినారు, వచ్చినవి మా రింగులకు సరిపోల్యా. వాపసు పంపి మళ్ళీ కాగితం. మూడు నెల్లు. ఆ మూడు నెల్లు ఎట్ల చేసినామో దేవునికి ఎరుక. ఈ కొస నుంచి ఆ కొసకు పోయేలోపు వెనక యాభై దారాలు తెగి వేలాడ్తాండె. అతుకు, ఉరుకు, అతుకు. మొదటి నెల ఉరికినాం. రెండో నెల నడిచినాం. మూడో నెల టీ కొట్టు కాడ కూర్చున్నాం.”

ఆయన చెప్పింది అంతే. నేను మాత్రం ఆ మూడు నెలల దగ్గరే ఆగిపోయాను. పని ఎగ్గొట్టే కార్మికుల గురించి మనం చదివే లెక్కలన్నీ మూడో నెలలో తీసినవే. టీ కొట్టు కాడ కూర్చున్నవాణ్ణి ఎవరైనా చూడగలరు. మొదటి నెల ఉరికినప్పుడు మస్టర్ రోల్లో ఎవరూ రాయలేదు.

సోవియట్ వాళ్ళు రెండిటినీ ప్రయత్నించారు, భయాన్నీ, భద్రతనూ. 1940 చట్టంతో పనికి 20 నిమిషాలు ఆలస్యమైతే కోర్టు, జీతంలో కోత. చెప్పకుండా ఉద్యోగం మానేస్తే జైలు. 1956లో దాన్ని ఎత్తేశారు. తరువాతి కాలంలో ఎవరినీ తీసేసే పనే లేదు. తాగి వచ్చినా ఉద్యోగం ఉండేది. 1982 ఆఖరున గద్దెనెక్కిన ఆంద్రోపోవ్ మరుసటి ఏడాది పని వేళల్లో స్నానశాలల మీదా దుకాణాల మీదా పోలీసులను తోలి, ‘డ్యూటీలో ఉండాల్సినవాడివి ఇక్కడేం చేస్తున్నావు’ అని పట్టించాడు. వాళ్ళు అక్కడ నిలబడింది క్యూలో. ఆ వస్తువు సాయంత్రానికి దొరకదు కాబట్టి. తయారుచేసేవాడు ఇంకో క్యూలో ఉన్నాడు కాబట్టి.

‘వాళ్ళు జీతం ఇస్తున్నట్టు నటిస్తారు, మేం పని చేస్తున్నట్టు నటిస్తాం’ అని అక్కడొక జోకు. మామకు చెప్తే తల అడ్డంగా ఊపాడు. “మాకు జీతం సక్కంగానే వచ్చాండె, ఆఖరి రెండేండ్లు తప్ప. బోనసు కూడా ఇచ్చినారు. దాన్ని నేను తప్పు పట్టను.” అందుకే ఆ జోకు మీద నాకు అంత నమ్మకం లేదు. జీతం ఇచ్చినా జరిగింది ఇదే.

షెడ్డు వెనక గోదాము. పైకప్పుకు సన్నటి పైపులు వేలాడుతున్నాయి, కొన్నిటికి ఇంకా నాజిల్స్ ఉన్నాయి. నూలుకు కొంత చెమ్మ ఉండాలి, ఎండిపోతే పెళుసై తెగుతుంది. అందుకు నీళ్ళు చల్లే ఏర్పాటు ప్రతి మిల్లులోనూ ఉంటుంది. మామ వాటి కింద నిలబడి పైకి చూశాడు.

“ఇరవై ఐదో తారీకు దాటినాక రాత్రంతా తిప్పేవోళ్ళం,” అన్నాడు. “కిలోలు తక్కువపడ్తే. సీ షిఫ్టులో. నీళ్ళ బరువు కూడా బరువే కదా.”

“ఎవరు చెప్పేవాళ్ళు మామా?”

“చెప్పేదేముంది. ఎవరూ చెప్పల్యా. మేస్త్రీ వచ్చి ‘ఈ నెల కొంచెం తక్కువుందప్పా’ అనేవోడు. అంతే. వాల్వు తిప్పింది నేనే చానా సార్లు.”

కాపలా కుర్రాడు వచ్చి ఐదింటికి గేటు వేయాలన్నాడు. లేని గేటు. మామ ఆ కుర్రాడికి “సరే సార్” అన్నాడు.

నాలుగో రోజు: తిరుగు ప్రయాణం

గుంతకల్లు నుంచి డోన్ మీదుగా కర్నూలు. బండి రెండు గంటలు లేటు. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ, చల్లారిన టీ. రాసేంతది ఏమీ లేదు.

బండి కదిలాక మామ ఎమ్మిగనూరు తువ్వాలు భుజం మీద నుంచి తీసి అంచు చూశాడు. పోగు ఒకటి లాగి, వేళ్ళ మధ్య నలిపి, పురి విప్పి, కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఇరవయ్యే,” అన్నాడు. “కాని మంచి నూలు. యాడిదో బయటిది. ప్రైవేటు మిల్లుది అయ్యుంటాది.”

కాసేపటికి మళ్ళీ, “అల్లుడా, నువ్వు ఈసారి ఆ పక్క పోతే ఆయన్ను కలువు. ఆ బూజు వానది కాదని చెప్పు.”

“మొన్న నువ్వే ఉన్నావు కదా మామా ఎదురుగా. చెప్పి ఉండాల్సింది.”

ఆయన తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, కిటికీ వైపు తిరిగి, కాగితం పొట్లంలోని చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. డోన్ దాకా మాట్లాడలేదు. పొట్టు మాత్రం కింద పడేయకుండా జేబులోనే వేసుకున్నాడు.